అయానిక్ లిక్విడ్ లోపల నానో స్ట్రక్చర్ ఉందో లేదో మీరే తేల్చుకోవడం ఎలా

అయానిక్ లిక్విడ్ అంటే మొత్తం అయాన్లే, అందులో నీళ్ళు గానీ ఇంకో సాల్వెంట్ గానీ ఉండవు, ఉప్పే కాకపోతే 100 డిగ్రీల లోపే కరిగిపోయే ఉప్పు. 1914లోనే పాల్ వాల్డెన్ ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీల దగ్గర కరుగుతుందని రాసి పెట్టాడు, చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1992లో విల్క్స్, జావొరొట్కో ఇద్దరూ కలిసి గాలికీ తేమకీ తట్టుకునే ఇమిడజోలియం (రెండు నైట్రోజన్లున్న రింగ్ ఉండే ప్లస్ అయాన్) రకాలు చేశాక అందరూ వీటి మీద పడ్డారు. ఈ గైడ్ ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ వాళ్ళకి, పీహెచ్‌డీ మొదలుపెట్టిన వాళ్ళకి. సీసాలో చూస్తే నీళ్ళలా క్లియర్‌గా కనపడే ఈ లిక్విడ్ లోపల ఛార్జ్ ఉన్న భాగాలన్నీ ఒక వలలా అల్లుకుని, కార్బన్ తోకలన్నీ వేరేగా గుంపు కట్టి, రెండు నానోమీటర్ల లెవెల్లో విడివిడిగా ఉంటాయని పేపర్లలో రాస్తారు కదా, అది మీ లిక్విడ్‌లో నిజంగా ఉందా అని మీ చేత్తో ఎలా చెక్ చేసుకోవాలి అనేదే విషయం.

ముందే ఒక మాట. ఎక్స్-రే కర్వ్‌లో చిన్న యాంగిల్ దగ్గర ఒక బంప్ కనపడగానే "మైసెల్స్ (తోకలు లోపలికి పెట్టుకుని గుండ్రంగా కట్టిన గుంపులు) ఉన్నాయి" అని థీసిస్‌లో రాసేయకండి. ఆ బంప్ చెప్పేది ఒక్కటే, ఎంత దూరానికి ఒకసారి ఏదో రిపీట్ అవుతోంది అని. ఆ ఏదో ఏంటన్నది తెలియాలంటే కర్వ్‌ని ముక్కలు చేసి చూడాలి, ఆ పని సిమ్యులేషన్‌తోనే తేలిగ్గా అవుద్ది. అందుకే రెండూ చేయమంటాను.

ఏ లిక్విడ్ తీసుకోవాలి అంటే, ఒక్కటి కాదు, ఒక సిరీస్ తీసుకోండి. ఒక్క లిక్విడ్ కర్వ్‌తో ఏదీ ప్రూవ్ కాదు, తోక పొడవు మార్చుకుంటూ పోతే పీక్ ఎలా కదులుతుందో చూస్తేనే కథ బయటపడుద్ది. నేనైతే క్యాటయాన్‌గా (ప్లస్ అయాన్) ఇమిడజోలియం, ఆనయాన్‌గా (మైనస్ అయాన్) ఎన్‌టీఎఫ్2 జోడీతో సీ2, సీ4, సీ6, సీ8 నాలుగూ పెట్టుకోమంటాను, సీ పక్కన నంబర్ తోకలో ఎన్ని కార్బన్లో చెబుతుంది. బీఎఫ్4, పీఎఫ్6 అనే ఆనయాన్లు పాత పేపర్ల నిండా ఉంటాయి, సిమ్యులేషన్ వరకూ ఏ ఇబ్బందీ లేదు, కానీ ల్యాబ్‌లో తడి తగిలి వేడెక్కితే అవి విరిగి హెచ్ఎఫ్ (హైడ్రోజన్ ఫ్లోరైడ్) వస్తుంది, అది గాజునీ తినేస్తుంది, మనిషికీ చాలా ప్రమాదం. ఎన్‌టీఎఫ్2తో ఆ గొడవ లేదు, నీళ్ళలో కలవదు, జిగట కూడా తక్కువ. పైగా సీ6 ఎన్‌టీఎఫ్2ని ఐయుపాక్ వాళ్ళు రిఫరెన్స్ అయానిక్ లిక్విడ్‌గా పెట్టుకున్నారు కాబట్టి దాని డెన్సిటీ, విస్కాసిటీ లాంటి నంబర్లు నమ్మకంగా దొరుకుతాయి, మీ మోడల్ సరిగ్గా ఉందో లేదో పోల్చుకోడానికి అంతకంటే మంచి లిక్విడ్ లేదు. 25 డిగ్రీల దగ్గర సీ6 డెన్సిటీ సీసీకి 1.372 గ్రాములు రావాలి. ఫిక్స్‌డ్ ఛార్జ్ మోడల్‌లో ఒకటి రెండు శాతం అటూ ఇటూ వస్తే ఓకే, ఐదు శాతం తేడా వస్తే ఆగి టోపాలజీ ఫైల్ (ఏ ఆటమ్ దేనికి అంటుకుందో, దాని ఛార్జ్ ఎంతో రాసి ఉండే ఫైల్) తెరవండి.

ఇంకా రన్ మొదలుపెట్టకముందే ఏ పీక్ ఎక్కడ రావాలో కాగితం మీద రాసుకోండి, లేకపోతే తర్వాత ఏ చిన్న బంప్ చూసినా అదే అనిపిస్తుంది. ఈ లిక్విడ్స్‌లో మామూలుగా మూడు పీక్‌లు ఉంటాయి. క్యూ (ఎక్స్-రే కర్వ్ కింది అక్షం, యూనిట్ 1/ఆంగ్‌స్ట్రామ్) 1.4 దగ్గర వచ్చేది పక్కపక్కనే ఉన్న అణువుల మధ్య దూరం, 6.28ని క్యూతో భాగిస్తే దూరం వస్తుంది కాబట్టి ఇది నాలుగున్నర ఆంగ్‌స్ట్రామ్. 0.85 దగ్గర వచ్చేది ఛార్జ్‌ల వరస, అంటే ప్లస్ పక్కన మైనస్, దాని పక్కన మళ్ళీ ప్లస్, ఒక ప్లస్ నుంచి ఇంకో ప్లస్‌కి ఏడెనిమిది ఆంగ్‌స్ట్రామ్‌లు. మూడోది ప్రీపీక్, సీ8కి 0.3 దగ్గర ఉంటుంది, అంటే 20 ఆంగ్‌స్ట్రామ్, రెండు నానోమీటర్లు. సీ2కి ఇది ఉండదు, సీ4కి ఒక భుజం లాంటిది ఉంటే ఉంటుంది, సీ6 నుంచి క్లియర్‌గా తెలుస్తుంది. తోకకి ఒక్కో సీహెచ్2 పెరిగే కొద్దీ దూరం సుమారు రెండు ఆంగ్‌స్ట్రామ్‌లు పెరుగుతుందని 2007లో ట్రియోలో గ్రూప్ ఎక్స్-రేతో చూపించింది. అంతకు ముందే, 2004లో ఉరహట, రిబైరో, 2005లో వాంగ్, వోత్, 2006లో కనోంజియా లోపెస్, ప్యాడువా సిమ్యులేషన్లలో దీన్ని చూశారు, మన దగ్గర బెంగళూరు జేఎన్‌సీఏఎస్ఆర్‌లో బాలసుబ్రమణియన్ గ్రూప్ కూడా 2007లో కోర్స్ గ్రెయిన్ (కొన్ని ఆటమ్‌లని కలిపి ఒక్క ముద్దగా చూసే) మోడల్‌తో ఇదే పని చేసింది. కంప్యూటర్ ముందు చెప్పి ప్రయోగం తర్వాత ఒప్పుకున్న కేసులు లిక్విడ్స్ ఫీల్డ్‌లో ఎక్కువ ఉండవు, ఇది అలాంటిదే.

సరే సిమ్యులేషన్. ఫోర్స్ ఫీల్డ్‌కి (ఆటమ్‌ల మధ్య బలాలు లెక్కవేసే ఫార్ములాలు, నంబర్ల సెట్) ఎక్కువ ఆలోచించక్కర్లేదు, లోపెస్, ప్యాడువా వాళ్ళ సీఎల్‌పీ వాడండి, ఓపీఎల్ఎస్ అనే పాత ఫోర్స్ ఫీల్డ్ మీద కట్టిందే, ప్యాడువా గ్రూప్ గిట్‌హబ్‌లో అయాన్ ఫైల్స్ అన్నీ పెట్టారు, వాళ్ళదే ఎఫ్ఎఫ్‌టూల్ అనే స్క్రిప్ట్ ఉంది, అది ప్యాక్‌మోల్‌కి (అణువులని బాక్స్‌లో సర్దే ప్రోగ్రామ్) ఇన్‌పుట్ రాసిచ్చి, ప్యాక్‌మోల్ బాక్స్ నింపాక గ్రోమాక్స్‌కో ల్యామ్ప్స్‌కో (సిమ్యులేషన్ నడిపే ప్రోగ్రామ్‌లు) కావాల్సిన ఫైల్స్ తయారు చేసి పెడుద్ది. చేత్తో టోపాలజీ రాయడం మొదలుపెడితే వారం పోద్ది, ఏదో ఒక డైహెడ్రల్ తప్పు పడుద్ది.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది బాక్స్ సైజ్ దగ్గర. సీ8 ఎన్‌టీఎఫ్2 డెన్సిటీ 1.32, ఒక జత బరువు 475, లెక్క వేస్తే ఒక్కో జత దాదాపు 600 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు తీసుకుంటుంది. 1000 జతలు పెడితే బాక్స్ అంచు 84 ఆంగ్‌స్ట్రామ్, ఆటమ్స్ 52,000. మీరు చూడాలనుకునే రిపీట్ 20 ఆంగ్‌స్ట్రామ్, అంటే బాక్స్‌లో నాలుగు రిపీట్‌లు పడతాయి, పర్లేదు. అదే 200 జతలతో పెడితే అంచు 49 ఆంగ్‌స్ట్రామే, రెండున్నర రిపీట్‌లు కూడా పట్టవు, అప్పుడు స్ట్రక్చర్ బాక్స్‌కి తగ్గట్టు సర్దుకుంటుందేమో అని రెఫరీ అడుగుతాడు, అడగడంలో తప్పేం లేదు. 2000 జతలతో అంచు 106కి వెళ్ళుద్ది, ఆటమ్స్ లక్ష దాటతాయి, మంచి జీపీయూ ఒకటి ఉంటే అదీ పెద్ద పని కాదు. నన్నడిగితే సీ2, సీ4కి 1000, సీ8కి 2000.

ఛార్జ్‌ల సంగతి. అయాన్‌కి పూర్తి ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి పెడితే లిక్విడ్ అసలు కంటే బాగా నెమ్మదిగా కదులుద్ది, డిఫ్యూజన్ పది రెట్లు తక్కువ రావడం మామూలే. అందుకే చాలామంది ఛార్జ్‌లని 0.8తో గుణిస్తారు. స్ట్రక్చర్ మీద దీని ఎఫెక్ట్ తక్కువ, కదలిక మీద ఎక్కువ, డెన్సిటీ కొంచెం పడిపోద్ది. మీకు కావాల్సింది స్ట్రక్చరే కాబట్టి 0.8తో పోవచ్చు, టైమ్, మెషీన్ రెండూ ఉంటే పోలరైజబుల్ సీఎల్‌పోల్ ఉంది, కానీ మొదటి ప్రాజెక్ట్‌కి అది వద్దు.

ప్యాక్‌మోల్ ఇచ్చిన బాక్స్ తీసుకుని ఎనర్జీ మినిమైజ్ చేసి, 500 కెల్విన్ దగ్గర ప్రెషర్ కంట్రోల్‌తో కొన్ని నానోసెకన్లు ఉడకనిచ్చి, అక్కడి నుంచి మెల్లగా మెట్లు మెట్లుగా 350కి, కావాలంటే 300కి దింపండి. కటాఫ్ 12 ఆంగ్‌స్ట్రామ్, దూరపు ఛార్జ్‌ల లెక్కకి పీఎంఈ అనే పద్ధతి, హైడ్రోజన్ బాండ్‌లు ఫిక్స్ చేస్తే 2 ఫెమ్టోసెకండ్ స్టెప్. ఇక్కడ అందరూ తొందరపడతారు. డెన్సిటీ ఒకటి రెండు నానోసెకన్లలో స్థిరపడిపోద్ది, ఎనర్జీ గ్రాఫ్ కూడా ఫ్లాట్‌గా కనపడుద్ది, దాంతో ఈక్విలిబ్రేట్ అయిపోయిందని ప్రొడక్షన్ రన్ పెట్టేస్తారు, కానీ ఛార్జ్ వల, తోకల గుంపులు సర్దుకోవాలంటే అయాన్లు ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాలి కదా, 25 డిగ్రీల దగ్గర ఈ లిక్విడ్ విస్కాసిటీ నీళ్ళకి వంద రెట్లు, అంత జిగటలో అది జరగడానికి టైమ్ పడుద్ది. చూడాల్సింది మీన్ స్క్వేర్ డిస్‌ప్లేస్‌మెంట్. క్యాటయాన్ సగటున తన పొడవు కంటే ఎక్కువ దూరం కదిలిందా, అంటే ఆ నంబర్ కనీసం ఒకటి రెండు చదరపు నానోమీటర్లు దాటిందా చూసుకోండి, దాటకపోతే మీరు చూస్తున్నది ప్యాక్‌మోల్ పెట్టిన అమరికే, లిక్విడ్ ఇష్టపడిన అమరిక కాదు. 300 దగ్గర దాటడం కష్టమైతే 350 దగ్గరే రన్ చేసి, ఆ టెంపరేచర్‌దే ఎక్స్-రే డేటా తీసుకోండి. వేరే వేరే రాండమ్ స్టార్ట్‌లతో మూడు రన్‌లు పెట్టి, మూడు కర్వ్‌లూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటున్నాయో లేదో చూస్తే ఇంకా ధైర్యంగా ఉంటుంది.

ప్రొడక్షన్ 50 నుంచి 100 నానోసెకన్లు. తర్వాత స్ట్రక్చర్ ఫ్యాక్టర్ (ప్రయోగం కర్వ్‌తో పోల్చుకునే లెక్క కర్వ్), దీనికి ట్రావిస్ అనే ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, బ్రెమ్, కిర్ష్‌నర్ వాళ్ళది, ఎక్స్-రేకీ న్యూట్రాన్‌కీ రెండిటికీ లెక్క వేస్తుంది. లెక్క వేయడానికి రెండు దారులు. ఒకటి, ముందు ఆర్‌డీఎఫ్‌లు (ఒక ఆటమ్ నుంచి ఎంత దూరంలో ఇంకో ఆటమ్ ఎంత ఎక్కువగా ఉందో చెప్పే కర్వ్‌లు) తీసి వాటిని ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేయడం, ఇందులో ఆర్‌డీఎఫ్ బాక్స్‌లో సగం వరకే ఉంటుంది కాబట్టి అక్కడ టక్కున కోసేస్తే చిన్న క్యూ దగ్గర అలలు అలలుగా దొంగ పీక్‌లు వస్తాయి, లోర్చ్ విండో (కర్వ్ చివరని మెల్లగా సున్నాకి దింపే ఫంక్షన్) పెడితే అవి తగ్గుతాయి గానీ ప్రీపీక్ కూడా వెడల్పు అయిపోద్ది. రెండోది నేరుగా ఆటమ్ పొజిషన్ల నుంచి లెక్క వేయడం, ఇందులో బాక్స్‌కి సరిపడే క్యూ విలువలే వస్తాయి, 84 ఆంగ్‌స్ట్రామ్ బాక్స్‌కి మొదటిది 0.075, తర్వాతవి దానికి √2, √3 రెట్లు అలా పెరుగుతూ పోతాయి, పాయింట్లు తక్కువ గానీ అబద్ధం ఉండదు. ప్రీపీక్ కోసమైతే రెండో దారే నయం. ఏ దారిలో వెళ్ళినా నార్మలైజేషన్ ఏం వాడారో రాసిపెట్టుకోండి, ఫామ్ ఫ్యాక్టర్ల (ఒక్కో ఆటమ్ ఎక్స్-రేని ఎంత చెదరగొడుతుందో చెప్పే నంబర్లు) సగటుని స్క్వేర్ చేసి భాగిస్తారు కొందరు, స్క్వేర్‌ల సగటుతో భాగిస్తారు ఇంకొందరు, పీక్ ఎత్తులు మారిపోతాయి, పేపర్‌లో కర్వ్‌తో మనది కలవట్లేదని వచ్చే సగం డౌట్లకి కారణం ఇదే.

ఇప్పుడు ముక్కలు చేయడం, ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. ప్రతి ఆటమ్‌కీ ఒక ట్యాగ్ పెట్టండి, ఆనయాన్ మొత్తం, ఇమిడజోలియం రింగ్, రింగ్‌కి నేరుగా అంటుకున్న కార్బన్లు, వాటి హైడ్రోజన్లు పోలార్, తోకలో రెండో కార్బన్ నుంచి చివరి దాకా నాన్‌పోలార్. మొత్తం కర్వ్‌ని పోలార్-పోలార్, నాన్‌పోలార్-నాన్‌పోలార్, పోలార్-నాన్‌పోలార్ అని మూడుగా విడగొట్టి 0.3 దగ్గర చూడండి. మొదటి రెండూ పైకి లేచి, మూడోది అదే చోట కిందకి గుంటలా దిగితే, పోలార్ ఉన్నచోట తోక లేదు, తోక ఉన్నచోట పోలార్ లేదు, రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి అని అర్థం, ఇదీ అసలు సాక్ష్యం. మళ్ళీ అదే కర్వ్‌ని క్యాటయాన్, ఆనయాన్ అని విడగొడితే 0.85 దగ్గర ఇదే ఆట కనపడుద్ది, క్యాటయాన్-క్యాటయాన్ పైకి, ఆనయాన్-ఆనయాన్ పైకి, క్యాటయాన్-ఆనయాన్ కిందకి. అన్నీ కలిపిన కర్వ్‌లో మాత్రం ఈ పైకీ కిందకీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కొన్ని లిక్విడ్స్‌లో 0.85 దగ్గర దాదాపు ఏమీ మిగలదు, దాన్ని చూసి ఛార్జ్ వరస లేదనుకుంటే పొరపాటే, అది ఉప్పు, వరస లేకుండా ఎలా ఉంటుంది.

ఆ తోకలు మైసెల్ లాగా గుండ్రంగా గుంపు కట్టాయా, స్పాంజిలా అంతా కలిసిపోయాయా అన్నది పీక్ చెప్పదు. 2010లో మార్గులిస్ గ్రూప్ సరిగ్గా ఇదే ప్రశ్న వేసింది, ప్రీపీక్ ఎక్కడి నుంచి వస్తోంది అని, ఆ పేపర్‌లో ఉన్న హేమంత్ కశ్యప్ ఇప్పుడు ఐఐటీ ఢిల్లీలో ఉన్నారు. వాళ్ళు చెప్పింది, ప్రీపీక్ రావడానికి మైసెల్ లాంటి గుంపు ఉండి తీరాలని లేదు, తోకకి అటుపక్క ఇటుపక్క ఉన్న ఛార్జ్ తలల మధ్య దూరం ఉంటే చాలు అని. గుంపు ఆకారం తెలియాలంటే ట్రావిస్‌లోనే డొమైన్ ఎనాలిసిస్ ఉంది, వొరొనాయ్ గదులు (ఒక ఆటమ్‌కి దగ్గరగా ఉన్న చోటంతా దాని గది) గీసి పక్కపక్కనే తగులుతున్న తోకలన్నీ ఒక డొమైన్‌గా లెక్కపెడుద్ది. పోలార్ వైపు ఎప్పుడూ దాదాపు ఒకటే డొమైన్ వస్తుంది, మొత్తం బాక్స్ అంతా ఒకే వల. తోకల వైపు సీ2లో బోలెడు చిన్న చిన్న ముక్కలు, సీ4, సీ6 దాటేసరికి అవన్నీ కలిసి ఒకటైపోతాయి. అంటే సీ8లో రెండు వలలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉన్నాయి, మైసెల్స్ కావు. విఎండి అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లో పోలార్ ఎరుపు, తోకలు ఆకుపచ్చ పెట్టి ఒక బొమ్మ తీయండి, 2006 పేపర్ నుంచీ ఈ రంగులే నడుస్తున్నాయి, బొమ్మ బాగుంటుంది గానీ అది నంబర్‌కి తోడు మాత్రమే.

ల్యాబ్ వైపు. సాంపుల్‌ని 60, 70 డిగ్రీల దగ్గర హై వాక్యూమ్‌లో ఒకటి రెండు రోజులు కలుపుతూ ఆరబెట్టి, కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో నీళ్ళెంతో కొలిచి ఆ నంబర్ రాయండి, నీళ్ళు పోలార్ వలలోకి దూరి దాన్ని కదిలిస్తాయి. క్లోరైడ్ మిగిలిందేమో సిల్వర్ నైట్రేట్‌తో చూడండి.

మన కాలేజీల్లో ఎక్కువగా ఉండేది కాపర్ సోర్స్ పౌడర్ ఎక్స్ఆర్‌డీ, దాంట్లో సాంపుల్ ఇస్తే టెక్నీషియన్ అలవాటుగా 10 నుంచి 80 డిగ్రీల దాకా స్కాన్ చేసి ఇచ్చేస్తారు. కాపర్‌తో క్యూ 0.3 అంటే టూ-తీటా 4.2 డిగ్రీలు. 0.85 అంటే 12 డిగ్రీలు, 1.4 అంటే దాదాపు 20. అంటే ఆ స్కాన్‌లో మిగతా రెండూ ఉంటాయి, మీకు కావాల్సిన పీక్ ఒక్కటే ఉండదు. కనీసం 1.5 డిగ్రీల నుంచి మొదలుపెట్టమని అడగండి, రిఫ్లెక్షన్‌లో కాకుండా క్యాపిలరీలో ట్రాన్స్‌మిషన్‌లో పెట్టమనండి, డైరెక్ట్ బీమ్ గొడవతో మెషీన్ కుదరదంటే సాక్స్ (చిన్న యాంగిల్ ఎక్స్-రే స్కాటరింగ్) ఉన్న చోటికి పంపించాల్సిందే, ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ మీద సాక్స్, వ్యాక్స్ (పెద్ద యాంగిల్‌ది) కలిపి తీసే బీమ్‌లైన్ ఉంది, ప్రపోజల్ రాసి టైమ్ అడగొచ్చు. క్యాపిలరీ విషయంలో ఇంకొకటి, ఎన్‌టీఎఫ్2లో రెండు సల్ఫర్లు ఉన్నాయి, అవి కాపర్ ఎక్స్-రేని బాగా మింగేస్తాయి, ఒక మిల్లీమీటర్ క్యాపిలరీలో పదో వంతు కూడా అవతలికి రాదు, అర మిల్లీమీటర్ లోపు వాడండి. మాలిబ్డినం సోర్స్ అయితే ఈ బాధ తక్కువ, కానీ పీక్ ఇంకా లోపలికి, 2 డిగ్రీల దగ్గరికి జరిగిపోద్ది. ఖాళీ క్యాపిలరీని కూడా అంతే టైమ్ కొలిచి, ట్రాన్స్‌మిషన్‌తో సరిచేసి తీసేయండి.

కంట్రోల్‌గా ఒక మంచి ఐడియా, తోక పొడవు అంతే ఉంచి మధ్యలో ఆక్సిజన్లు పెట్టిన ఈథర్ తోక లిక్విడ్ ఒకటి కొలవండి. ఆ తోక మెలికలు తిరిగి ఛార్జ్ వైపు వంగుతుంది, ప్రీపీక్ దాదాపు మాయమవుద్ది. పొడవు ఒకటే అయినా పీక్ పోయిందంటే అది పొడవు వల్ల మాత్రమే వచ్చింది కాదని తేలిపోద్ది. ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ లాంటి బుల్లి తోక వాటిలో ఎక్స్-రేకి తేడా సరిగ్గా అందదు, అక్కడ న్యూట్రాన్ కావాలి, హైడ్రోజన్‌కి స్కాటరింగ్ లెంగ్త్ మైనస్ 3.74 ఫెమ్టోమీటర్లు, డ్యుటీరియంకి ప్లస్ 6.67, కావాల్సిన చోట మార్చుకుంటూ పోతే ఏ భాగం ఎక్కడుందో తెలుస్తుంది. 2008లో యాట్కిన్, వార్ ఇలాగే రెండు కార్బన్ల తోకకి కూడా ఒక నానోమీటర్ రిపీట్ ఉందని చూపించారు, ఇమిడజోలియంలో నాలుగు కార్బన్లు ఉంటే గానీ మొదలవ్వని పని ఇది. వాళ్ళ వివరణ ప్రకారం అమ్మోనియం తల చుట్టూ ఉన్న హైడ్రోజన్ బాండ్‌లు తోకని బయటికి నెట్టేస్తాయి.

ఎక్స్-రే, న్యూట్రాన్ రెండూ అందుబాటులో లేవంటే ఫ్లోరోమీటర్ ఉన్నా కొంత పని అవుద్ది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనునయ్ సమంతా గ్రూప్ 2004లో డైపోల్ ఎక్కువ ఉన్న డై కలిపి, ఎక్సైటేషన్ వేవ్‌లెంగ్త్ ఎరుపు వైపు జరిపే కొద్దీ ఎమిషన్ కూడా జరుగుతోందని చూపించింది. మామూలు పల్చటి సాల్వెంట్‌లో ఎక్కడ ఎక్సైట్ చేసినా ఎమిషన్ ఒకేచోట వస్తుంది. ఇక్కడ డై మాలిక్యూల్స్ రకరకాల పరిసరాల్లో ఉన్నాయి, అవి సర్దుకునేలోపే ఎమిట్ అయిపోతున్నాయి. అయితే ఇందులో సైజ్ తెలియదు, నానోమీటర్లు రావు, పైగా ప్యూర్ ఇమిడజోలియం లిక్విడ్ కూడా కొంచెం తనంతట తానే వెలుగుద్ది, ఇదీ ఆ గ్రూపే చూపించింది, కాబట్టి డై లేని బ్లాంక్ తీయకుండా ఏ స్పెక్ట్రమ్‌నీ నమ్మొద్దు.

అన్నీ అయ్యాక ఒక చివరి చెక్, మీ సీ8 బాక్స్‌లో కొన్ని హెక్సేన్లు, వేరే బాక్స్‌లో కొన్ని మెథనాల్‌లు వేసి మళ్ళీ రన్ చేయండి. 2006లోనే లోపెస్, కోస్టా గోమెస్, ప్యాడువా చేసింది ఇలాంటిదే. హెక్సేన్ తోకల్లోకి వెళ్ళి కూర్చుంటుంది, మెథనాల్ ఓహెచ్ వైపు ఆనయాన్‌ని పట్టుకుని రెండిటి సరిహద్దులో ఉంటుంది, ఎసిటోనైట్రైల్ రెండు వైపులా తిరుగుద్ది. మీ బాక్స్‌లో హెక్సేన్ చుట్టూ తోకలకి బదులు రింగులు, ఆనయాన్లు కనపడితే ఈక్విలిబ్రేషన్ దగ్గరికి వెనక్కి వెళ్ళండి, డిస్‌ప్లేస్‌మెంట్ గ్రాఫ్ మళ్ళీ గీయండి.